పైనుంచి పోసిన నీళ్లు

అనగనగా, తాతలు కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడుతూ నిద్రలోకి జారుకునే కాలంలో, ఒక పెద్ద సరస్సు ఒడ్డున జమ్ములపాలెం అనే పల్లె ఉండేది. ఆ సరస్సులో తుంగ దట్టంగా పెరిగేది. పల్లెవాళ్లు ఆ తుంగ కోసి, చీల్చి, ఎండబెట్టి చాపలు నేసేవారు. చాప నేయాలంటే ఇద్దరుండాలి. ఒకరు పుల్లతో తుంగ దూర్చాలి, ఇంకొకరు పలక లాగి కొట్టి నేత బిగించాలి. కాబట్టి ఆ పల్లెలో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా, మర్నాటికల్లా పని దగ్గర మాట్లాడుకోక తప్పేది కాదు.

పల్లె నడుమ తాటాకు కప్పిన గుడి ఒకటి ఉండేది. అందరూ యేసుప్రభువును నమ్ముకున్నవాళ్లే. నెలకొక ఆదివారం ఆ గుడిలో ప్రభువు బల్ల జరిగేది. పాస్టరుగారు రొట్టె విరిచి పంచేవారు. ద్రాక్షరసం గిన్నె చేతి నుంచి చేతికి వెళ్లేది.

ఆ బల్లకి ముందు రోజు, శనివారం సాయంకాలం, పల్లెలో ఒక ఆచారం ఉండేది. ఎవరితో తగువు పడ్డారో వాళ్లింటికి వెళ్లాలి. వాళ్ల కుండలో నీళ్లు, వాళ్ల చేత్తో ఇప్పించుకుని తాగాలి. రాజీపడ్డామని తాగే ఆ నీళ్లని సమాధానపు నీళ్లు అనేవారు. ఆ నీళ్లు తాగనివాళ్లు మర్నాడు బల్ల దగ్గరికి వచ్చేవారు కాదు. దీనికి కాపలా ఎవరూ లేరు, అడిగేవాళ్లూ లేరు. తాగిందీ తాగనిదీ ఎవరి గొంతుకి వాళ్లకే తెలుసు.

ఆ పల్లెలో జకరయ్య అనే పెద్దాయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు దేవసహాయం, చిన్నవాడు వరదానం. దేవసహాయం నిక్కచ్చి మనిషి. కోడి కూయకముందే లేచేవాడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు, ఎవరైనా అలా చేయకపోతే మొహం మాడ్చుకునేవాడు. వరదానం సరదా మనిషి. పాట వినబడితే పని మరిచిపోయేవాడు. అయినా అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చుని నేస్తే ఆ చాపకి సంతలో పేరుండేది.

ఒక వేసవిలో జకరయ్య మంచం పట్టాడు. అప్పుడు వరదానం సరస్సుకి అవతలి ఒడ్డున తిరనాళ్లలో చాపలు అమ్ముతున్నాడు. "నాన్నకి బాగోలేదు, వెంటనే రా" అని దేవసహాయం కబురంపాడు. కబురు అందింది. కానీ మర్నాడు అక్కడ పడవ పందేలున్నాయి. "నాన్నకి ఎప్పుడూ వచ్చే జ్వరమే కదా. పందేలు చూసుకుని బయల్దేరతాను" అనుకున్నాడు వరదానం.

అతను తిరిగొచ్చేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. దేవసహాయం ఆ మట్టి పక్కనే నిలబడి ఉన్నాడు.

"నాన్న లేడు," అన్నాడు తమ్ముడితో. "ఈ రోజు నుంచి నీకు అన్న కూడా లేడు."

ఆ మాట అంత పనీ చేసింది. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లు, అయినా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఇద్దరూ తమ భార్యలతో కూర్చుని చాపలు నేసుకున్నారు. బల్ల జరిగే ఆదివారాల్లో పాటలూ వాక్యమూ అయిపోగానే దేవసహాయం కుడి తలుపు నుంచీ, వరదానం ఎడమ తలుపు నుంచీ లేచి వెళ్లిపోయేవారు. ఇలా కొన్నేళ్లు గడిచాయి.

ఇలా ఉండగా పల్లెలో సంఘపెద్దగా ఉన్న ముసలాయన కన్నుమూశాడు. ఆ చోటులోకి ఎవరిని తీసుకోవాలా అని అందరూ ఆలోచించారు. అందరి నోటా ఒకే పేరు వచ్చింది. పాస్టరుగారు దేవసహాయం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"దేవసహాయం, సంఘమంతా నిన్నే పెద్దగా ఉండమంటోంది. నాకూ ఇష్టమే. కానీ బల్లకి రానివాడు బల్ల పక్కన గిన్నె పట్టుకుని ఎలా నిలబడతాడు? ముందు తమ్ముడితో సమాధానపడాలి కదా నాయనా."

దేవసహాయం మొహం వెలిగిపోయింది. "అంతేగా అయ్యగారూ! వాణ్ణి క్షమించేస్తాను. నాదేం పోయింది?" అన్నాడు, పెరట్లో నాలుగు కరివేపాకు రెబ్బలు తుంచి ఇచ్చేవాడిలా.

పాస్టరుగారు లేచి సెలవు తీసుకున్నారు. వాకిట్లో నీళ్లు చల్లుతున్న దేవసహాయం భార్య సువార్త మాత్రం మొగుడి వంక ఒక చూపు చూసింది. ఆ చూపు సంగతి తర్వాత చెప్పుకుందాం.

మరుసటి ఆదివారం దేవసహాయం ఇస్త్రీ పంచె కట్టుకుని గుడికి వచ్చాడు. ప్రభువు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాలవేళ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"సంఘానికి వందనాలు. మా తమ్ముడు వరదానం నేను కబురు పంపినా రాలేదు. కన్నతండ్రి మంచం మీదుంటే పడవ పందేలు చూశాడు. సమాధికి పిడికెడు మట్టి కూడా వెయ్యలేదు. ఇంత చేసినా, ప్రభువు నాకిచ్చిన పెద్దమనసుతో నేను వాణ్ణి ఇందుమూలంగా క్షమిస్తున్నాను."

"స్తోత్రం! స్తోత్రం!" అన్నారు జనం. ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. తనకి తనే దండ వేసుకోవడం ఒక్కటే తక్కువైంది దేవసహాయానికి.

ఎడమ తలుపు దగ్గర వరదానం తల వంచుకుని కూర్చున్నాడు. అతను చేసిన తప్పు పల్లెలో కొందరికి తెలుసు, కొందరు మరిచిపోయారు. ఇప్పుడు చంటిపిల్లలతో సహా అందరికీ తెలిసింది. అతను చెప్పులు చేతపట్టుకుని మెల్లిగా బయటికి వెళ్లిపోయాడు.

"చూశారా అయ్యగారూ, క్షమిస్తే ఎలా లేచి వెళ్లిపోయాడో!" అన్నాడు దేవసహాయం.

"నీళ్లు తాగావా?" అని మాత్రం అడిగారు పాస్టరుగారు.

దేవసహాయం నీళ్లు నమిలాడు. నిజమే. సాక్ష్యం ఎంత గట్టిగా చెప్పినా సమాధానపు నీళ్లు తాగితేనే బల్ల.

బల్లకి ముందు శనివారం వచ్చింది. దేవసహాయం తమ్ముడి ఇంటికి బయల్దేరాడు. కానీ ఆ ఇంటి నీళ్లు తాగడానికి అతనికి మనసొప్పలేదు. తప్పు వాడిది, వాడి కుండలో నీళ్ల కోసం నేను చెయ్యి చాచడమేమిటి అనుకున్నాడు. బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. తన ఇంటి ఇత్తడి చెంబు బూడిదతో తోమించి, తన కుండలో నీళ్లే నింపుకుని, వీధిలో నలుగురూ చూస్తుండగా దర్జాగా నడిచి వెళ్లాడు. నీళ్లు నీళ్లే కదా, ఎవరి కుండవైతేనేం అని తనకి తను నచ్చజెప్పుకున్నాడు. ఆ పల్లెలో పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం తెలియక కాదు. తెలిసే చేశాడు.

వరదానం వాకిట్లో తుంగ చీలుస్తున్నాడు. అన్నని చూసి గబుక్కున లేచాడు. అన్న తన గడప వైపు నడిచి రావడం చూసి అతని కళ్లలో ఆశ మెరిసింది.

"రా అన్నా! ఏస్తేరూ, అన్నకి చాప వెయ్యి!" అని భార్యని కేకేశాడు.

"చాపలొద్దు," అన్నాడు దేవసహాయం, అరుగు మీదే నిలబడి. "సమాధానానికి వచ్చాను. పట్టు దోసిలి."

వరదానం అయోమయంగా దోసిలి పట్టాడు. దేవసహాయం చెంబు ఎత్తి పైనుంచి నీళ్లు వంపాడు.

వరదానం ఆ నీళ్ల వంక చూశాడు. తాగలేదు. వేళ్లు మెల్లిగా విడదీశాడు. నీళ్లు నేల మీద పడి ఇంకిపోయాయి.

"అన్నా, మన తాత కాలంలో ఊళ్లోని పెద్దకులాలవాళ్లు మన పల్లెవాళ్లని తమ కుండ ముట్టనిచ్చేవాళ్లు కాదంట. దాహమంటే ఇలాగే దోసిలి పట్టించి, అంత ఎత్తు నుంచి పోసేవాళ్లంట. అది భరించలేకే కదా మన పెద్దోళ్లు ఈ ఆచారం పెట్టుకున్నారు. ఒకరి కుండలో నీళ్లు ఒకరు తాగాలి, ఒకరి చేతి నుంచి ఒకరు పుచ్చుకోవాలి అని." వరదానం తడి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. "నేను చేసింది తప్పే. కాదనను. కొట్టు, పడతాను. కానీ పైనుంచి పొయ్యకు. నువ్వు పొయ్యకు."

అతను లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు.

దేవసహాయం ఖాళీ చెంబుతో ఇంటికి వచ్చి దాన్ని మూలకి గిరాటేశాడు. "క్షమిస్తుంటే పుచ్చుకోవడం కూడా చేతకాదు వాడికి!" అని మండిపడ్డాడు.

సువార్త అన్నం వడ్డిస్తోంది. గరిటె పక్కన పెట్టి మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, మీ తమ్ముణ్ణి క్షమించానని ఊరంతా చాటావు. మావయ్య చెప్పిన మాట మాత్రం ఇంతవరకూ వాడికి చెప్పలేదు. అది ఏ క్షమాపణ కిందకి వస్తుంది?"

దేవసహాయం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇదీ ఆ చూపు వెనక సంగతి. జకరయ్య కన్నుమూసే ముందు పెద్దకొడుకుని దగ్గరికి రమ్మన్నాడు. గాలి అందక ఆగి ఆగి చెప్పాడు. "చిన్నోడు వస్తే చెప్పు. నాకు వాడి మీద కోపం లేదు. వాడి తల మీద నేను చెయ్యి పెట్టాననే అనుకోమను." ఆ తర్వాత చిన్నకొడుకు పేరే కలవరిస్తూ పోయాడు. మంచం పక్కన ఇద్దరే ఉన్నారు, దేవసహాయమూ సువార్తా.

దేవసహాయం ఆ మాట దాచేశాడు. మొదట కోపంతో దాచాడు. కొన్నాళ్లు బాధపడనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. నెలలు గడిచాక ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని భయపడ్డాడు. ఆ తర్వాత అసలు అలాంటి మాటే లేనట్టు నటించడం అలవాటైపోయింది.

"నీకేం తెలుసు సువార్తా!" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాన్నని ఎత్తుకుని స్నానం చేయించింది నేను. గంజి తాగించింది నేను. పక్కబట్టలు మార్చింది నేను. పిలిచిందెవరిని? వాణ్ణి! నా పేరు ఒక్కసారన్నా పిలిచాడా?"

సువార్త మొగుడి చేతిలోని ముద్దని తీసి కంచంలో పెట్టి, ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"అదా నీ బాధ," అంది మెత్తగా. "అదే అయితే ఆ సంగతి మావయ్యతో తేల్చుకోవాలి, లేదా ప్రభువుతో. వరదానాన్ని ఎందుకు ఎండగడతావు? వాడు ఒక రోజు ఆలస్యంగా వచ్చాడు. నువ్వు ఇన్నేళ్లు ఆలస్యం చేశావు."

మర్నాడు బల్ల మొదలవకముందే అన్నదమ్ములిద్దరూ ఎప్పటిలాగే లేచి వెళ్లిపోయారు. ఆ నెలంతా దేవసహాయం తుంగ కోయడానికి ఒంటరిగా సరస్సులోకి వెళ్లేవాడు. నడుంలోతు నీళ్లలో నిలబడి ప్రార్థన చేయబోయేవాడు. "ప్రభువా, నా తమ్ముడి తప్పు..." అని మొదలుపెట్టగానే నోరు మూతబడేది. చివరికి ఒక రోజు "ప్రభువా, నా తప్పు" అన్నాడు. అనేసరికి కొడవలి పక్కన పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది గానీ, కాబోయే సంఘపెద్ద పరువు ఆ రోజు ఆ నీళ్లలోనే కలిసిపోయింది.

మళ్లీ బల్లకి ముందు శనివారం సాయంకాలం వచ్చింది. దేవసహాయం రెండోసారి బయల్దేరాడు. చెంబు లేదు, ఇస్త్రీ పంచె లేదు. తమ్ముడి గుమ్మం ముందుకి వెళ్లి, అరుగు మీద కాకుండా కింద నేల మీద కూర్చున్నాడు.

"అన్నా, అక్కడ కూర్చున్నావేంటి!" అని వరదానం కంగారుగా బయటికొచ్చాడు.

"కూర్చోనీరా చిన్నోడా. నీకొక మాట చెప్పాలి. అది నాది కాదు, నాన్నది. ఇన్నాళ్లూ నా దగ్గర దాచుకున్నాను." తండ్రి చెప్పిన మాట తండ్రి చెప్పినట్టే, ఆగి ఆగి చెప్పాడు దేవసహాయం. "నీ మీద కోపంతో దాచాను. నిన్నే పిలిచాడని కుళ్లుతో దాచాను. నిన్ను క్షమించడానికి రాలేదురా నేను. నన్ను క్షమించమని అడగడానికొచ్చాను."

ఇక్కడ తమ్ముడు అన్నని కౌగిలించుకున్నాడని చెబితే మీకూ బాగుంటుంది, కథ కూడా తొందరగా కంచికి పోతుంది. కానీ అలా జరగలేదు.

వరదానం గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. మొహం పాలిపోయింది.

"నాన్న నన్ను శపించి పోయాడనుకున్నాను అన్నా," అన్నాడు చివరికి. "పొద్దున్న లేస్తే అదే, పడుకుంటే అదే. నా పిల్లల తల మీద చెయ్యి పెట్టడానికి కూడా భయపడ్డాను, తండ్రి దీవెన లేని చెయ్యి కదా అని. ఒక్క మాట చెబితే పోయేదే! ఎదురింట్లోనే ఉన్నావు కదా అన్నా!"

"ఉన్నాను," అన్నాడు దేవసహాయం.

"వెళ్లు అన్నా. ఇప్పుడు నీ మొహం చూడలేను."

గుమ్మంలో ఏస్తేరు నీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. ఇవ్వాలో వద్దో తెలియక బావగారి వంకా, మొగుడి వంకా చూసింది. దేవసహాయం తల అడ్డంగా ఊపి లేచాడు. బట్టలకంటిన మట్టి దులుపుకోకుండానే ఇంటికి నడిచాడు. తమ్ముడి మీద అతనికి కోపం రాలేదు. అతనికే ఆశ్చర్యమేసింది.

మర్నాడు గుడి గంట మోగింది. దేవసహాయం లోపలికి వెళ్లలేదు. పాస్టరుగారు బయటికి వచ్చి పిలిస్తే చేతులు జోడించాడు.

"అయ్యగారూ, పెద్దరికం వేరే ఎవరికైనా ఇవ్వండి. నేను నీళ్లు తాగలేదు. ఇవ్వకపోవడంలో వాడి తప్పేం లేదు. లోపల నా తమ్ముడున్నాడు, నన్ను చూస్తే వాడికి కష్టం. నేనిక్కడ పాట వింటాను."

చూరు కింద, చెప్పులు విడిచేచోట కూర్చున్నాడు. లోపల పాటలయ్యాయి, వాక్యమయింది. బల్ల మీద తెల్లగుడ్డ తీస్తుండగా వరదానం లేచాడు. ఈసారి కుడి తలుపు నుంచి బయటికొచ్చాడు. అన్నని దాటుకుని, ఒక్క మాట మాట్లాడకుండా, చరచరా ఇంటివైపు వెళ్లిపోయాడు. ఇంక ఈ జన్మకి ఇంతే అనుకుని దేవసహాయం కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా తమ్ముడు. రొప్పుతున్నాడు. చేతిలో మట్టి ముంత. పరుగున వచ్చాడేమో, సగం నీళ్లు ఒలికి చొక్కా తడిసింది. అతను నిలబడి ఇవ్వలేదు. అన్న పక్కనే, చెప్పుల మధ్య, నేల మీద కూర్చున్నాడు.

"రాత్రంతా నీ మీద కోపంతోనే ఉన్నాను అన్నా. ఇంకా కొంచెం ఉంది కూడా," అన్నాడు. "కానీ ఒక్క సంగతి చెప్పాలని వచ్చాను. నాన్న నన్నే పిలిచాడని, నీ తల మీద చెయ్యి పెట్టలేదని కుళ్లుకున్నావు కదా. నువ్వు ఎత్తుకుని స్నానం చేయించావంట కదా, అప్పుడు ఆయన చేతులు ఎక్కడ వేసుకునేవాడు? నీ మెడ చుట్టూనే కదా! ఎదురుగా ఉన్న కొడుకుని ఎవరు పిలుస్తారు అన్నా? లేనివాణ్ణే పిలుస్తారు."

దేవసహాయానికి ఇన్నేళ్లుగా గుండెలో ఉన్న ముల్లు ఎవరో వేళ్లతో పట్టి తీసినట్టనిపించింది.

"తాగు," అన్నాడు వరదానం, ముంత చేతికిచ్చి.

దేవసహాయం రెండు చేతులా పుచ్చుకున్నాడు. సగం తాగాడు. మిగిలిన సగం తమ్ముడికిచ్చాడు. వరదానం ముంత ఎత్తి, అడుగు చుక్క దాకా తాగేశాడు.

ఒక ముసలాయన తలుపు దగ్గర నిలబడి గొణిగాడు. "ఆచారం శనివారం కదా. అదీ ఇంటికెళ్లి తాగాలి కదా. ఆదివారం గుడి ముందు తాగితే చెల్లుతుందా?"

పాస్టరుగారు నవ్వారు. "ఇల్లే నడిచి వచ్చిందనుకో తాతా. తప్పుకో, వాళ్లని లోపలికి రానీ. రొట్టె ఇంకా విరవలేదు."

అన్నదమ్ములిద్దరూ ఒకే తలుపు నుంచి లోపలికి వెళ్లారు. సువార్తా ఏస్తేరూ జరిగి చోటిచ్చారు. ఆ రోజు గిన్నె దేవసహాయం పట్టలేదు. అందరిలాగే వరసలో కూర్చుని, పక్కవాడి చేతి నుంచి అందుకున్నాడు. ఆ పక్కవాడు అతని తమ్ముడు.

పిల్లలూ, ఇంట్లోవాళ్లని పైన నిలబడి క్షమించకండి. మన తప్పు కూడా ఒప్పుకుని పక్కన కూర్చున్నప్పుడే ప్రభువుకి ఇష్టమైన సమాధానం ఆ ఇంటికి వస్తుంది.